వీధి కాలువ తీర్మానం పుస్తకం ఎక్కాలంటే

మా వీధికి సైడు కాలువ కావాలని గ్రామసభలో నేను మూడుసార్లు లేచి అడిగాను. మూడుసార్లూ సర్పంచ్ గారు తలాడించారు, సెక్రటరీ గారు ఏదో రాసుకున్నారు, వెనక కుర్చీల్లో ఇద్దరు ముగ్గురు చప్పట్లు కూడా కొట్టారు. నాలుగో ఏడు ఎందుకో అనుమానం వచ్చి మినిట్స్ పుస్తకం చూపించమన్నాను. మూడు సభలకూ కలిపి నా కాలువ గురించి ఉన్నది ఒకటే ముక్క: "గ్రామ సమస్యలపై చర్చించడమైనది." కింద సంతకాల్లో మా పక్కింటి కుర్రాడిది కూడా ఉంది. ఆ రోజు వాడు మస్కట్‌లో ఉన్నాడు.

తర్వాత ఒక విడత నేనే వార్డు మెంబరుగా చేశాను. బల్లకు అవతలి పక్కన కూర్చుని కూడా ఈ తంతు చూశాను కాబట్టి చెబుతున్నా: కాలువ కానివ్వండి, కల్వర్టు కానివ్వండి, మంచినీళ్ల పైపు కానివ్వండి, ఊళ్లో నోటితో అడిగింది లెక్కలోకి రాదు. కొలతలతో సహా పుస్తకంలో పడిన వాక్యమే లెక్క. ఆ వాక్యం పడేదాకా ఏం చేయాలో, పడ్డాక దాన్ని ఎలా కాపాడుకోవాలో వరసగా రాస్తున్నాను. ఉదాహరణకు మా కాలువనే తీసుకుంటాను. మీరు దాని చోట మీ పని పెట్టుకుని చదవండి.

1. ముందు ఏ మీటింగో తేల్చుకోండి

పంచాయతీ మీటింగు వేరు, గ్రామసభ వేరు. నెలనెలా జరిగే పంచాయతీ మీటింగులో కూర్చునేది సర్పంచ్, వార్డు మెంబర్లు. గ్రామసభలో సభ్యులు మీరే. ఊరి ఓటరు జాబితాలో పేరుంటే చాలు, ఎవరూ పిలవనక్కర్లేదు. 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చిన 1993 ఏప్రిల్ 24 నుంచి గ్రామసభకు రాజ్యాంగంలోనే చోటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం, తెలంగాణలో 2018 నాటి చట్టం నడుస్తున్నాయి. రెండింటిలోనూ గ్రామసభ ఆరో సెక్షన్‌లోనే ఉంది. సర్పంచ్ ఆ సభకు అధ్యక్షత వహిస్తారు, అంతే.

తెలంగాణలో రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలని చట్టమే చెబుతోంది. ఎంతమంది ఓటర్లుంటే ఎంతమంది హాజరు కావాలన్న కోరం లెక్క కూడా అందులో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్ 14, అక్టోబరు 3 చాలాకాలంగా గ్రామసభ తేదీలుగా పాతుకుపోయాయి. వీటికి తోడు జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 లాంటి రోజుల్లోనూ సభలు పెడుతుంటారు. ఇవి కాక ప్రభుత్వం అడిగినప్పుడు పెట్టే ప్రత్యేక సభలుంటాయి. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి ఉపాధి హామీ పనులకు తీర్మానాలు చేయించారు. తెలంగాణలో 2025 జనవరి 21 నుంచి 24 దాకా రైతు భరోసా, ఇందిరమ్మ ఇళ్లు, రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఆత్మీయ భరోసా లబ్ధిదారుల కోసం పెట్టారు.

ఈ రెండు రకాలకూ తేడా గమనించండి. పథకం లబ్ధిదారుల సభలో మీరు కాలువ గురించి లేస్తే వినే ఓపిక ఎవరికీ ఉండదు. జనం అంతా జాబితాలో తమ పేరుందా లేదా అన్న కంగారులో ఉంటారు. కాలువ అడగాల్సింది పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారయ్యే సభలో. వచ్చే ఏడాది ప్రణాళిక కోసం దేశమంతటా అక్టోబరు 2 నుంచి సభలు మొదలవుతాయి. కాబట్టి ఆగస్టుకల్లా మీ పని మొదలవ్వాలి. వినాయక చవితి పందిరి దగ్గర ఎలాగూ వీధి వీధంతా కూడుతుంది, అక్కడ మాట్లాడుకోండి.

సభ ఎప్పుడో చాటింపు వేయాలి, నోటీసు అతికించాలి. అయినా వాటి మీద ఆధారపడొద్దు. పదిహేను రోజులకోసారి పంచాయతీ ఆఫీసుకు వెళ్లి "సెక్రటరీ గారూ, సభ ఎప్పుడండీ" అని అడుగుతూ ఉండండి. మూడోసారికి ఆయనే ఫోన్ చేసి చెబుతారు.

2. టేపు పట్టుకుని వీధిలోకి దిగండి

మన అర్జీల్లో చాలావరకు బుట్టదాఖలయ్యేది ఇక్కడే. "మా వీధిలో కాలువ లేదు, ఇబ్బందిగా ఉంది, దయచేసి నిర్మించగలరు" అని రాస్తాం. ఎక్కడి నుంచి ఎక్కడికి? ఎంత పొడవు? నీళ్లు చివరికి ఎక్కడ పడాలి? వీటికి జవాబు లేని అర్జీని ఇంజినీరు పక్కన పెడతారు. ఆయన తప్పేం లేదు, దాంతో అంచనా వేయడం కుదరదు.

ఒక ఆదివారం పొద్దున్నే ఇద్దరు కుర్రాళ్లను, ఒక మేస్త్రిని వెంటబెట్టుకోండి. ముప్పై మీటర్ల టేపు కావాలి. ఊళ్లో సెంట్రింగు పని చేసేవాళ్ల దగ్గర దొరుకుతుంది. వీధి మొదటి నుంచి చివరిదాకా కొలవండి. దారిలో ఎన్ని ఇళ్లు ఉన్నాయో, ఎవరి మెట్లు రోడ్డు మీదకొచ్చాయో, కరెంటు స్తంభాలు ఎక్కడున్నాయో, కుళాయి పైపు ఏ పక్కన పోతోందో ఒక తెల్ల కాగితం మీద గీయండి. బొమ్మ బాగుండాల్సిన పని లేదు, అంకెలు సరిగా ఉంటే చాలు.

తర్వాత వాలు చూడండి. దీనికి మేస్త్రి దగ్గరుండే నీళ్ల లెవెల్ పైపు సరిపోతుంది. బుడగలు లేకుండా నీళ్లు నింపి, ఒక కొసను ఇక్కడ ఒక కర్రకు, ఇంకో కొసను పది మీటర్ల అవతల మరో కర్రకు ఆనించి పట్టుకోవాలి. రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టంలో ఆగుతాయి. ఆ మట్టం నుంచి నేలదాకా రెండు చోట్లా కొలిస్తే ఏ పక్క ఎంత పల్లమో తెలిసిపోతుంది. అలా పది పది మీటర్లుగా వీధి చివరిదాకా జరుపుకుంటూ పోవాలి.

మా వీధిలో అందరం నీళ్లు చెరువు వైపే పోతాయనుకునేవాళ్లం. మా తాతల కాలం నుంచీ అదే మాట. పైపు పెట్టి చూస్తే అంగన్‌వాడీ మూల నుంచి వాగు కల్వర్టు వైపు జానెడు పల్లం తేలింది! ఎప్పుడో రోడ్డు మీద రోడ్డు వేసి చెరువు వైపు ఎత్తు చేసేశారు. మేం మూడేళ్లుగా అడిగిన కాలువ కట్టి ఉంటే నీళ్లు వెనక్కి తన్ని మా ఇళ్లలోకే వచ్చేవి. అది తెలిసిన రోజు రాత్రి మా ఇంట్లో కాస్త నవ్వుకున్నాం కూడా.

కాలువ చివర ఎక్కడ కలుస్తుందో తేలకుండా సభకు వెళ్లొద్దు. పక్క వీధివాళ్ల గుమ్మం ముందు మీ మురుగు వదిలేలా ఉంటే సభలో మొదటి గొడవ వాళ్లతోనే వస్తుంది. నిజంగా ఎక్కడికీ పంపే దారి లేకపోతే ఇంటింటికీ ఇంకుడు గుంత అడగడం మేలు. చౌక, త్వరగా అవుతుంది.

వానాకాలంలో, నీళ్లు నిలిచి ఉన్నప్పుడు ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోండి. తేదీ, చోటు ఫొటో మీద పడేలా సెట్టింగు మార్చుకోండి. ఎండాకాలంలో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వచ్చి "ఇక్కడేముంది, పొడిగానే ఉందిగా" అంటే చూపించడానికి.

3. డబ్బు ఏ పద్దులోదో తెలుసుకోండి

"పంచాయతీలో డబ్బుల్లేవండీ" అనే మాట నిజం కావచ్చు, కాకపోవచ్చు. పంచాయతీకి ఒక జేబు కాదు, నాలుగైదు జేబులుంటాయి. ఒక జేబు ఖాళీగా ఉన్నా ఇంకో దాంట్లో డబ్బు ఉండొచ్చు, కానీ ఆ జేబులోది అన్నిటికీ ఖర్చు పెట్టకూడదు.

ఇంటి పన్ను, నీటి పన్ను, సంత వేలం లాంటి వాటితో వచ్చేది సాధారణ నిధి. అది చిన్న ఊళ్లలో పారిశుధ్య కార్మికుల జీతాలకు, వీధి దీపాలకే చాలదు. దాని తర్వాత చెప్పుకోవాల్సింది ఆర్థిక సంఘం డబ్బు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. అందులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని కట్టేసింది. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చంది, జీతాలకు మాత్రం వాడకూడదంది. ఇది తెలిస్తే మీ అర్జీ భాషే మారిపోతుంది. "రోడ్డు పక్క కాలువ" అని రాసే బదులు "23 ఇళ్ల వాడుక నీటి నిర్వహణకు కాలువ" అని రాస్తే అది పారిశుధ్యం కిందికొస్తుంది. పని అదే, పద్దు మారింది.

మూడోది ఉపాధి హామీ. 2005 చట్టం ప్రకారం కూలీకి 60, సామగ్రికి 40 అన్న లెక్కన నడిచింది. మన ఊళ్లలో కనిపించే సీసీ రోడ్లు చాలావరకు ఆ సామగ్రి వాటాతో పడ్డవే. దాని స్థానంలో కొత్త చట్టాన్ని పార్లమెంటు 2025 డిసెంబరులో ఆమోదించింది. కాబట్టి ఈ ఏడు ఏ పద్దు నడుస్తోందో సెక్రటరీని అడిగి తెలుసుకోండి. ఎంపీ, ఎమ్మెల్యే నిధులు కూడా ఉంటాయి గానీ వాటి దారి వేరు. గ్రామసభతో నిమిత్తం లేకుండా పోయే దారి అది. నేను దాని జోలికి పోను.

4. అర్జీ పొట్టిగా రాయండి

రెండు పేజీల ఆవేదన ఎవరూ చదవరు. మేం నాలుగోసారి ఇచ్చింది ఇంతే:

"గ్రామ పంచాయతీ సర్పంచ్ గారికి. విషయం: 4వ వార్డులో వాడుక నీటి కాలువ గురించి. మా వీధిలో అంగన్‌వాడీ కేంద్రం మూల నుంచి వాగు కల్వర్టు వరకు 118 మీటర్ల మేర కాలువ లేదు. 23 ఇళ్ల వాడుక నీరు రోడ్డు మీదే నిలిచిపోతోంది. పై మేర సీసీ సైడు కాలువ నిర్మాణాన్ని వచ్చే సంవత్సరపు గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్చేందుకు ఈ అంశాన్ని గ్రామసభ అజెండాలో పెట్టవలసిందిగా కోరుతున్నాము. కొలతల పటం, ఫొటోలు, 31 మంది సంతకాలు జతచేశాము."

రేటు, అంచనా మీరు రాయొద్దు, అది ఇంజినీరు పని. ఆంధ్రప్రదేశ్‌లో అయితే గ్రామ సచివాలయంలోని ఇంజినీరింగ్ అసిస్టెంట్‌ను, తెలంగాణలో అయితే మండలంలోని పంచాయతీరాజ్ ఏఈని సభకు ముందే ఒకసారి వీధికి తీసుకొచ్చి చూపించండి. టీ ఇప్పించండి, ఎండలో నిలబెట్టకండి.

అర్జీ రెండు కాపీలు తీయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోండి. "ఎందుకండీ, నేను చూసుకుంటాగా" అంటారు. నవ్వుతూనే "మా వీధివాళ్లు నన్ను నమ్మరండీ, చూపించాలి" అనండి. ఆ ముద్ర పడిన కాగితం లేకపోతే తర్వాత అడుగులన్నీ గాలిలో ఉంటాయి.

ఇంకో మాట. సర్పంచ్ మహిళ అయితే అర్జీ ఆమె పేరు మీద రాసి, ఆమె చేతికే ఇవ్వండి. రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీ పదవుల్లో సగం మహిళలవే. కానీ కుర్చీ దగ్గరికి వెళితే చాలాచోట్ల ఆమె భర్తో కొడుకో చెయ్యి చాపుతారు. "అమ్మగారికి ఇస్తామండీ" అని ఒక్క ముక్క అని ఆగండి. ఆయన మొహం కాస్త మాడొచ్చు. సంతకం పెట్టేది, రేపు ఆడిట్‌లో జవాబు చెప్పేది ఆమే కాబట్టి ఆమెకు విషయం తెలియడం ఆమెకే మంచిది.

5. సభకు ముందే మనుషుల్ని కూడగట్టండి

సభలో ఒక్కడే లేచి మాట్లాడితే అది "ఫలానా వాడి కాలువ" అవుతుంది. ఊళ్లో ఆ ఫలానా వాడికి ఏదో ఒక పార్టీ, ఏదో ఒక కులం, ఎవరితోనో ఒక పాత గొడవ ఉండనే ఉంటాయి. అందుకని మీ నోటితో కాకుండా వీధిలో ఎవరికీ శత్రువు కాని మనిషి నోటితో అడిగించండి. మాకు అంగన్‌వాడీ ఆయా కలిసొచ్చింది. పిల్లలు రోజూ మురుగు దాటుకుని వస్తున్నారని ఆమె చెబితే కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు.

డ్వాక్రా సంఘాలను వదలొద్దు. ఊళ్లోని ఈ సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘం తమ సభ్యుల అవసరాలతో పేదరిక నిర్మూలన ప్రణాళిక ఒకటి తయారుచేసి పంచాయతీ ప్రణాళికలో కలపడానికి ఇస్తుంది. మీ కాలువ దాంట్లో కూడా ఉంటే పుస్తకంలోకి రెండు దారులు ఏర్పడినట్టే. పైగా సభకు కోరం నింపేది ఈ ఆడవాళ్లే. నిజం చెప్పాలంటే మా ఊళ్లో మగవాళ్లు సభకొచ్చి పది నిమిషాల్లో టీ కొట్టుకు పోతారు.

పక్క వీధివాళ్లతో ముందే బేరం కుదుర్చుకోండి. వాళ్లకు బోరు మోటారు కావాలి, మీకు కాలువ కావాలి. వాళ్లదానికి మీరు చెయ్యెత్తండి, మీదానికి వాళ్లు ఎత్తుతారు. దీన్ని రాజకీయం అని చీదరించుకునేవాళ్లుంటారు. వరంగల్ దగ్గర గీసుకొండ మండలం గంగదేవిపల్లి పేరు వినే ఉంటారు. మంచినీళ్లకొక కమిటీ, పారిశుధ్యానికొక కమిటీ అంటూ ఊరు ఊరంతా పనులు పంచుకుని, ఇంటి పన్ను నూటికి నూరు శాతం కట్టి ఆదర్శ గ్రామంగా పేరు తెచ్చుకుంది. అక్కడా జరిగింది నీకు నేను, నాకు నువ్వు అన్న ఒప్పందమే, కాకపోతే ఊరంత పెద్దది.

ఇంటి పన్ను అన్నాను కాబట్టి: సభకు వెళ్లేముందు మీ వీధి బకాయిలు కట్టేయండి, రసీదులు జేబులో పెట్టుకోండి. మీరు కాలువ అనగానే అటునుంచి వచ్చే మొదటి మాట "ముందు మీ వీధివాళ్లను పన్ను కట్టమనండి" అనే.

6. సభ రోజు

ముందు వరసలో కూర్చోండి. అజెండా చదివేటప్పుడు మీ అంశం ఉందో లేదో చెవి పెట్టి వినండి. లేకపోతే అప్పుడే లేచి, ముద్ర వేసిన కాపీ చూపించి, చేర్చమని అడగండి. చివర్లో "ఇతర అంశాలు" దాకా ఆగితే అప్పటికి సగం కుర్చీలు ఖాళీ అవుతాయి.

పోయిన సభ తీర్మానాల మీద ఏం చేశారో ముందు చదవమని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు బల్ల అవతల మొదలయ్యే సర్దుబాటు చూడాలి మీరు. నేను వార్డు మెంబరుగా ఉన్నప్పుడు ఒక ముసలాయన ప్రతిసారీ ఇదే అడిగేవాడు. ఆయనొస్తున్నాడంటే ముందురోజు రాత్రి కూర్చుని ఫైళ్లు తిరగేసేవాళ్లం.

మాట్లాడేటప్పుడు రెండు నిమిషాలు మించొద్దు. కొలత చెప్పండి, ఇళ్ల సంఖ్య చెప్పండి, నీళ్లు ఎక్కడ కలుస్తాయో చెప్పండి, కూర్చోండి. గత ప్రభుత్వం, ఈ ప్రభుత్వం అన్న మాట ఎత్తారో, మిగతా సభంతా దాని మీదే నడుస్తుంది, మీ కాలువ అందులో కొట్టుకుపోతుంది.

7. పుస్తకం మూసేదాకా కదలొద్దు

నా మూడేళ్లు పోయింది ఇక్కడే. సభ అయిపోయింది, జనం లేచారు, సెక్రటరీ గారు "నేను తర్వాత రాసుకుంటాను, మీరు సంతకాలు పెట్టి వెళ్లండి" అంటారు. తెల్ల కాగితం మీద సంతకం అన్నమాట. దాని పైన ఏం రాస్తారో ఆయనిష్టం. ఆయన చెడ్డవాడని కాదు. ఒక్కొక్కరికి రెండు మూడు పంచాయతీలు అప్పగించిన రోజులున్నాయి, సాయంత్రానికి ఇంకో ఊళ్లో సభ ఉంటుంది, అందుకే అన్ని సభలకూ ఒకే వాక్యం రాసేస్తారు.

అందుకని తీర్మానం వాక్యం మీరే రాసి తీసుకెళ్లండి. ఆయనకు సుఖం, మీకు భద్రం. ఆ పుస్తకం భాష మన మాటల్లా ఉండదు, దాని తీరులోనే రాయండి:

"4వ వార్డు అంగన్‌వాడీ కేంద్రం నుండి వాగు కల్వర్టు వరకు సుమారు 118 మీటర్ల పొడవున సీసీ సైడు కాలువ నిర్మాణమును రాబోవు సంవత్సరపు గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో పారిశుధ్యము పద్దు క్రింద చేర్చుటకు సభ ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

ఇందులో ప్రతి ముక్కకూ పని ఉంది. మొదలు, చివర రాయకపోతే కాలువ ఇంకెవరి ఇంటి ముందో పడుతుంది. పొడవు రాయకపోతే నలభై మీటర్లు వేసి పని పూర్తయిందంటారు. పద్దు లేకపోతే "నిధుల లభ్యతను బట్టి" అనే మాట వచ్చి కూర్చుంటుంది. "పరిశీలించుటకు" అని రాయబోతే "చేర్చుటకు" అని రాయించండి. ఆ రెండు క్రియల మధ్య మా వీధికి మూడు వానాకాలాలు గడిచాయి.

పుస్తకంలో ఎక్కాక, సంతకాల ముందు పైకి చదివించండి. తీర్మానం నంబరు మీ డైరీలో రాసుకోండి. పేజీకి ఫొటో తీసుకుంటానని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే గొడవపడకండి, దానికి వేరే దారి ఉంది.

8. ఆ తర్వాతి నెలలు

వేరే దారి అంటే సమాచార హక్కు. తెల్ల కాగితం మీద "ఫలానా తేదీ గ్రామసభ మినిట్స్, హాజరు సంతకాల నకలు ఇవ్వగలరు" అని పంచాయతీ ఆఫీసులోనే ఇవ్వండి. గ్రామ స్థాయి ఆఫీసుల్లో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. నకలుకు పేజీకి 2 రూపాయలు. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే మరో ముప్పై రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి. అప్పీలు అధికారి ఎవరో ఆఫీసు బోర్డు మీద రాసి ఉండాలి. దీన్ని మొదటి అస్త్రంగా వాడితే సెక్రటరీతో మాటలు తెగిపోతాయి, అడిగి చూసి ఇవ్వనప్పుడే వాడండి.

ఇక ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైటు. 2020 ఏప్రిల్ 24న మొదలైంది. లాగిన్ అక్కర్లేదు. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఆ ఏడాది ఆమోదించిన ప్రణాళికలో ఏ పనులు ఉన్నాయో, ఏ పద్దులో ఎంత పెట్టారో కనిపిస్తుంది. మీ పని అందులో లేకపోతే తీర్మానం ఊళ్లోనే ఆగిపోయిందన్నమాట. పనులు అప్‌లోడు చేసేలోపు అడగడం ముఖ్యం, మార్చి దాటితే మళ్లీ ఏడాది. పనిలో పని, పోయినేడు మీ ఊరి పేర ఏం ఖర్చయిందో కూడా చూడండి. మా ఊళ్లో కుర్రాళ్లు అది చూశాక టీ కొట్టు దగ్గర వారం రోజులు ఇంకో కబురు లేదు.

ఇవన్నీ అయినా కదలకపోతే ఎంపీడీవో, ఆ తర్వాత కలెక్టరేట్‌లో సోమవారం. తెలంగాణలో ప్రజావాణి అంటారు, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అక్కడ తీర్మానం నకలు జతచేసిన అర్జీకి, ఉత్త అర్జీకి చాలా తేడా ఉంటుంది. తీర్మానం ఉంటే పైనుంచి "ఎందుకు చేయలేదు" అని అడుగుతారు. లేకపోతే మీ కాగితాన్ని తిరిగి అదే పంచాయతీకి "తగు చర్య నిమిత్తం" పంపుతారు.

ఏజెన్సీ ప్రాంతంలో ఉన్నవాళ్లకు ఒక మాట. 1996 నాటి పెసా చట్టం (ఏజెన్సీ ప్రాంతాల పంచాయతీల చట్టం) కింద మీ గ్రామసభకు మైదానం సభ కంటే బలం ఎక్కువ. భూసేకరణ, చిన్నతరహా ఖనిజాల విషయంలో సభను అడక్కుండా ముందుకు పోకూడదు. పక్కనే ఒడిశాలో నియమగిరి మీద బాక్సైటు తవ్వకాన్ని, సుప్రీంకోర్టు 2013లో ఇచ్చిన తీర్పు తర్వాత, పన్నెండు పల్లెల సభలు వరసగా వద్దని తేల్చాయి. తవ్వకం ఆగిపోయింది. మీ ఊరి పుస్తకంలో ఏం రాస్తున్నారో మీరు మాకంటే జాగ్రత్తగా చూసుకోవాలి.

9. కాంక్రీటు పడే రోజు

పని మొదలైతే వీధిలో ఒకరిద్దరు రోజూ అక్కడ ఉండేలా చూసుకోండి. కొట్లాటకు కాదు. పని పేరు, అంచనా విలువ, పొడవు రాసిన బోర్డు పెట్టించండి. సమాచార హక్కు చట్టం రెండో సెక్షన్‌లోనే పనిని తనిఖీ చేసే హక్కు, సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు ఉన్నాయని కాంట్రాక్టరుకు తెలిసేలా ఒకసారి మాటల్లో అనండి, చాలు.

బిల్లు కావాలంటే ఏఈ వచ్చి కొలిచి ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, రాయాలి. ఆయన కొలవకముందే మీరు కొలవండి, అదే టేపుతో. ఆ తర్వాత పై కొసన రెండు బిందెల నీళ్లు పోయండి.

మా కాలువలో పోస్తే నీళ్లు మూడో ఇంటి ముందుకొచ్చి ఆగిపోయాయి. "వానొస్తే అదే పోతుంది లెండి బాబాయ్" అన్నాడు కాంట్రాక్టరు. అంగన్‌వాడీ ఆయా మాత్రం బిందె కింద పెట్టలేదు, మళ్లీ పోసింది. నీళ్లు పొంగి ఆ ఇంటి గుమ్మంలోకి వెళ్లాయి. ఇంకా ఎం-బుక్ రాయలేదు కాబట్టి బేరం మా చేతిలోనే ఉంది. మర్నాడు ఆరు మీటర్ల మేర అడుగు పగలగొట్టి, మళ్లీ లెవెల్ పైపు పెట్టి, కొత్తగా పోశారు. ఏఈ ఆ వారం ఆగి కొలత రాసుకున్నారు: 118 మీటర్లు.